జానమాజ్ మీద మిస్బా చోటు

అడిగిన దువాలో అల్లా సగమే విన్నాడా, లేక తానే సగం అడిగిందా? ఏళ్ల తరబడి షాహీదాను ఈ అనుమానం వదల్లేదు.

కోడలు మెహనాజ్ కడుపులో ఉన్న బిడ్డకు వెన్ను మూసుకోలేదని స్కానింగులో తెలిసింది. పుట్టకముందే ఆపరేషన్ చేశారు. "కాళ్లకు ఆశ ఉంది, మల మూత్రాల సంగతి చెప్పలేం" అన్నారు డాక్టర్లు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో షాహీదా మొక్కుకుంది. బిడ్డ నడిస్తే తన పక్కనే నిలబెట్టుకుని అల్లాకు కృతజ్ఞతగా షుక్రానా నమాజు చదువుతానని.

మిస్బా నడిచింది. కాళ్లకు ఊతపట్టీలు, క్యాలిపర్లు కట్టుకుని మెట్టుగూడ సందుల్లో పరుగెత్తింది కూడా. కానీ ఒంటికీ రెంటికీ వచ్చేది దానికి తెలియదు. రోజూ పొద్దున ఎనిమా, కొన్ని గంటలకోసారి సన్నటి ట్యూబు పెట్టి మూత్రం తీయడం, అన్నీ మెహనాజే. అయినా మధ్యలో బట్టలు తడుస్తాయి. తడిసే పిల్లను, శుభ్రంగా ఉండాల్సిన నమాజు చాప, జానమాజ్ మీద ఎలా నిలబెట్టేది? మొక్కు అలాగే ఉండిపోయింది.

ఆ పొద్దున మిస్బా అరబ్బీ క్లాసుకు తయారైంది.

"దాదీ, దూపయితుంది."

"వచ్చినంక తాగు బేటా. మొన్న చాప తడిస్తే పిల్లలు నవ్వలే?"

"నవ్వింది ముదస్సిర్ ఒక్కడే. వాడు నిద్రల పోస్తడు, నేను మెలకువల పోస్త. గంతే తేడా."

షాహీదాకు నవ్వొచ్చింది. గ్లాసు మాత్రం ఇవ్వలేదు. కోడలు నింపిపెట్టిన బాటిల్‌ను ఎప్పటిలాగే చాటుగా సింకులో ఒంపేసింది. బిడ్డ పరువు కాపాడుతున్నాననే అనుకుంది.

సాయంత్రానికి మిస్బాకు చలిజ్వరం. పొట్ట రాయిలా బిగుసుకుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ముఖం చిట్లించింది. "నీళ్లు అసలు తాగడం లేదా? ఇన్ఫెక్షన్ పైకి పాకితే కిడ్నీలు పాడవుతాయి."

బయట వరండాలో మెహనాజ్ నిలదీసింది. "అత్తమ్మా, రోజు బాటిల్ నింపి పెడుతున్న. నీళ్లెటు పోతున్నయ్?"

"నేనే పారబోస్తున్న."

"ఎందుకు?"

"అందరి ముందు తడుస్తుంటే సూడలేక..."

"తడిస్తే బట్టలు మారుస్త! కిడ్నీలు పోతే ఏం మార్చాలె?"

షాహీదా గోడకు చేరగిలబడింది. "తడవకుండ పాక్‌గ, శుద్ధంగ ఉన్న దినం సూసి నా పక్కన నిలబెట్టుకుందామనుకున్న. మొక్కుంది బిడ్డా."

మెహనాజ్ ఏడుస్తూనే అడిగింది. "నీ మోకాళ్లు వంగకుంటే కుర్చీల కూసొని నమాజు చదువుతవు గదా. నీకు మాఫీ ఇచ్చిన అల్లా నా బిడ్డకు ఇయ్యడా?"

షాహీదాకు పాత మాటొకటి తట్టింది. పక్కింటి ముసలాయనకు మూత్రం ఆగకపోతే, ప్రతి నమాజు వేళకూ చేతులూ ముఖమూ కాళ్లూ కడిగి వుజూ చేసుకుంటే చాలని ధైర్యం చెప్పింది తానే. ఆ మాట ఇంట్లో పిల్లకు ఎందుకు గుర్తుకు రాలేదు? యా అల్లా, ఈ పిల్లను దక్కించు, ఎట్లుంటే గట్లనే దక్కించు అని కొంగు పట్టుకుని ఏడ్చింది. జ్వరం దిగేదాకా ఆ మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం మెహనాజ్ ట్యూబు పెట్టి, ప్యాడు మార్చింది. షాహీదా ముందు గ్లాసెడు నీళ్లు తాగించింది, తర్వాత దగ్గరుండి వుజూ చేయించింది. తన కుర్చీ పక్కనే జానమాజ్ పరిచింది. క్యాలిపర్ల చప్పుడుతో మిస్బా వచ్చి నిలబడింది.

నమాజు మధ్యలో గుసగుస వినిపించింది. "దాదీ, తడుస్తుంది."

షాహీదా ఆపలేదు. నమాజు ముగించి సలాం తిప్పాక కుర్చీలోంచి వంగి, మనవరాలి తల నిమిరింది.

"తడవనీ బేటా. నా మొక్కు తీరింది."