డ్రమ్ములో ఒక బకెట్ తక్కువ

మొదటే చెప్పేస్తున్నాను. నేను నీళ్ల దొంగను కాను. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నా పేరు యేసుప్రసాద్. మాది బద్వేలు. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చి, జ్ఞానరాజు మామ ఇంటి మిద్దె మీద గదిలో అద్దెకు దిగాను. మామ లారీ డ్రైవరు. వారంలో నాలుగైదు రోజులు సిమెంటు లోడుతో రోడ్ల మీదే ఉంటాడు. కింద ఇంట్లో ఆయన భార్య జీవమ్మత్త, కూతురు జెస్సీ. జెస్సీ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

గది చూపించిన రోజు ఫ్యాను బాగా తిరుగుతుందని చెప్పారు. కిటికీ తెరిస్తే గాలి వస్తుందని చెప్పారు. మిద్దె మీద కొళాయి లేదని మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

మొదటి ఆదివారం చర్చికి బయలుదేరబోతూ బండి చూసుకున్నాను. ఫ్యాక్టరీ షెడ్డులో వారం రోజులు నిలబడి నా నల్ల బండి బూడిద రంగుకు తిరిగింది. కడుగుదామని కిందికి దిగాను. జెస్సీ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది.

"ఏమండీ, మీ ఇంట్లో పైపు ఉందా?"

"ఏం పైపు?"

"నీళ్ల పైపండీ. బండి కడగడానికి."

జెస్సీ అప్పుడు తల ఎత్తింది. నన్ను చూసింది, బండిని చూసింది, మళ్లీ నన్ను చూసింది. తర్వాత లోపలికి కేక వేసింది.

"మా! ఈయప్పకు పైపు గావాలంట!"

లోపలి నుంచి జీవమ్మత్త నవ్వు వినిపించింది. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

"ఇది బద్వేలు కాదప్పా" అంది జెస్సీ. "వాడుకకు బోరు ఉప్పునీళ్లు, పొద్దున అరగంట వస్తాయి. తాగేదానికి, వంటకు ట్యాంకరు, అది బుధవారం వస్తాది. ఆ నీలం డ్రమ్ములో ఉండేవి మంచినీళ్లు. దాని జోలికి పోవద్దు. ఉప్పునీళ్లు రెండు బకెట్లు పట్టుకో, పో."

రెండు బకెట్లు పట్టుకున్నాను. చెంబుతో బండి మీద గుమ్మరించాను. మట్టి అంతా నానాలి కదా అని బండిని అలాగే ఎండలో వదిలి స్నానానికి పోయాను. తిరిగి వచ్చేసరికి బండి మీద సన్నటి ప్లాస్టరింగు సిద్ధంగా ఉంది. గోటితో గీకితే గోరు అరిగింది గానీ అది రాలేదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నీళ్లు తగిలిన సిమెంటు ఎన్ని నిమిషాలకు గట్టిపడుతుందో కొలవడమే ల్యాబులో నా పని. అందుకే నాకు జీతం ఇస్తున్నారు.

జెస్సీ అదే అరుగు మీద, అదే చాటతో కూర్చుని ఉంది. పెదవులు గట్టిగా బిగించి పట్టుకుంది.

"నేను నీళ్లు పోస్తుంటే చూస్తూనే ఉన్నారు కదా. చెప్పొచ్చు కదా?" అన్నాను ఒళ్లు మండిపోయి.

"నువ్వు పైపు అడిగినావు. సలహా అడగల్యా."

ఎంత పొగరో చూడండి! కానీ ఆ పొగరే లోపలికి వెళ్లి, ఇత్తడి బిందెలు తోమడానికి నానబెట్టిన చింతపండు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, తనే బండి ట్యాంకు మీద చింతపండు రుద్దడం మొదలుపెట్టింది.

"ఈ ఊర్లో బండి కడగాలంటే ముందు నీళ్లు ముట్టకూడదు" అంది. "మెత్తని కుంచెతో పొడిగా దులపాల. పొడిగుడ్డతో తట్టాల, రుద్దితే గీతలు పడతాయి. దుమ్మంతా పోయినాకనే తడిగుడ్డ. పైనుంచి కిందికి రావాల. చక్రాలు ఆఖరున. అట్ల చేస్తే అర బకెట్ చాలు."

"ఇవన్నీ మీకెట్ల తెలుసు?"

"సిమెంటు లారీ డ్రైవరు కూతుర్ని. నాకు తెలీక ఇంకెవురికి తెలుస్తాది?"

ఆ రోజు ఇద్దరం చర్చికి ఆలస్యంగా పోయాం. ఆమె చేతులు చింతపండు వాసన, నా చేతులు చింతపండు వాసన. పాస్టరయ్య ఏం ప్రసంగించారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ తర్వాత ఆమె చెప్పినట్లే చేశాను. ఒకటే చిక్కు. ఉప్పునీళ్లు ఆరితే బండి నిండా తెల్ల మచ్చలు తేలేవి. అప్పుడు మా ల్యాబు ఏసీ గుర్తొచ్చింది. దాని వెనక గొట్టంలోంచి రోజంతా నీళ్లు కారి పారిపోతుంటాయి. ఉప్పు లేదు, మచ్చ పడదు. వాచ్‌మన్ హనుమన్నకు చెప్పి అక్కడ బకెట్ పెట్టించాను. శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగేటప్పుడు ఐదు లీటర్ల క్యాన్లు రెండు నింపుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. గదిలో పెట్టుకుని, ఎండ తగ్గాక కిందికి దించేవాణ్ణి. ఒక మగ్గులో షాంపూ ప్యాకెట్టు, రెండు పాత బనియన్లు, పది లీటర్ల నీళ్లు. బండి అద్దంలా తయారయ్యేది.

"మా స్కూలు బ్లాకుబోర్డు గూడా ఇంత నల్లగా ఉండదు" అంది ఒక శనివారం జెస్సీ, మల్లెపూలు కట్టుకుంటూ.

ఆ ఒక్క మాటకు నేను చెయిన్ కవర్ రెండుసార్లు తుడిచాను.

అంత హాయిగా సాగుతున్నప్పుడు వచ్చింది ఆ బుధవారం.

ట్యాంకరు ఇంకా రాలేదు. వీధి పొడుగునా డ్రమ్ములు, బిందెలు వరసగా పెట్టి అందరూ నిలబడి ఉన్నారు. నేను డ్యూటీకి బండి తీస్తున్నాను. జీవమ్మత్త డ్రమ్ము మూత తీసి చూసి, "వారంలో ఒక బకెట్ తగ్గుతాండాది. మేము ఇద్దరే గదా తాగేది" అంది.

ఎదురింటి రామేశ్వరమ్మ వెంటనే నా బండి వైపు చెయ్యి చూపించింది. "అదో, ఆ బండి చూడు జీవమ్మా. మా ఈరేష్ బండి ఉప్పునీళ్లతో కడిగి కడిగి బొల్లి వచ్చినట్లుండాది. ఈ అబ్బీ బండికి ఒక్క మచ్చ లేదే? మంచినీళ్లు గాకపోతే ఇంకేం నీళ్లు?"

వీధి వీధంతా నా బండి చుట్టూ చేరింది. కొందరు వంగి మచ్చల కోసం వెతికారు. లేవు. బండి శుభ్రంగా ఉండడమే నా నేరం అయింది!

"అవి ఏసీ నీళ్లు. మా ల్యాబులోవి" అన్నాను.

"ఏసీలో గాలి వస్తాది గానీ నీళ్లొస్తాయా?" అంది రామేశ్వరమ్మ. అందరూ నవ్వారు.

నేను జెస్సీ వైపు చూశాను. చదువుకున్న పిల్ల, అడ్డుపడుతుందనుకున్నాను. ఆమె చేతిలో డ్రమ్ము కొలిచే కర్ర ఉంది. లారీ ట్యాంకులో డీజిలు చూడడానికి వాళ్ల నాన్న కర్ర ముంచుతాడు. అలాగే ఈమె రోజూ డ్రమ్ములో కర్ర ముంచి గీత పెడుతుంది.

"చెప్పు జెస్సీ, టీచరమ్మవు గదా" అన్నారెవరో.

జెస్సీ నా ముఖం చూడకుండా చెప్పింది. "శుక్రవారం రాత్రి కొలిస్తే సరిగ్గానే ఉంటాది. శనివారం సాయంత్రానికి ఒక బకెట్ తక్కువ. మిద్దె మీద కొళాయి లేదు. శనివారం సాయంత్రమే నువ్వు పైనుంచి నిండిన క్యాన్లు దించుతాండావు. ఆ నీళ్లు పైకి ఎట్లెక్కినాయి?"

"ఏసీ నీళ్లని చెప్తున్నా కదా!"

"మా స్కూల్లో ఏసీ కింద రోజుకు చెంబుడు నీళ్లు గూడా పడవు."

వాళ్ల ఏసీ గంటసేపు నడిస్తే ఎక్కువ. మాది ఇరవైనాలుగు గంటలు నడుస్తుంది. ఆ మాట నాకు ఫ్యాక్టరీ గేటు దాటాక గానీ తట్టలేదు. అప్పటికి వీధిలో నా పేరు ఖాయమైపోయింది.

రామేశ్వరమ్మ ఏమనుకుంటే నాకేం? కానీ జెస్సీ! ఆ పిల్లంటే నాకు ఇష్టం. చింతపండు గిన్నె పట్టుకొచ్చిన రోజు నుంచి ఇష్టం. ఆమె నోటితోనే దొంగనని తేలితే ఇంక ఆ ఇంట్లో ఎలా ఉండేది?

ఆ సాయంత్రమే జీవమ్మత్తతో చెప్పేశాను. వచ్చే గురువారం గది ఖాళీ చేస్తానన్నాను. తర్వాత జెస్సీ ముందు నిలబడ్డాను.

"పోయేది పోతాను. దొంగ పేరుతో పోను. శనివారం తెల్లవారగానే డ్రమ్ము దగ్గర కూర్చో. నేనూ నీ ఎదురుగానే కూర్చుంటాను. ఎవరు తీస్తున్నారో చూద్దాం."

"కూర్చుంటా. నాకేం భయమా?"

శనివారం ఆరు గంటలకు డ్రమ్ముకు ఈ పక్క ఆమె, ఆ పక్క నేను. జెస్సీ టీ గ్లాసు తెచ్చి నా పక్కన టక్కున పెట్టింది.

"దొంగకు టీ ఎందుకు?" అన్నాను.

"మా ఇంటికొచ్చినోళ్లకు ఇస్తాం. నీ మొహం చూసి ఇచ్చింది కాదు."

"మొహం చూడనే లేదు కదా ఆ రోజు. చూసుంటే తెలిసేది."

జెస్సీ గయ్యిమని లేచింది. "నాకు మాత్రం సంతోషమా? మొదటి వారం తగ్గింది, నేను చూసినా. ఎవురికీ చెప్పల్యా. రెండో వారం తగ్గింది, మా అమ్మకు తెలీకుండా నా బాటిలు నింపుకునేది మానుకుని స్కూల్లో నీళ్లు తాగినా. మూడో వారం అమ్మే మూత తీసింది. అందరి ముందర అడిగితే కొలత దాచిపెట్టి అబద్ధం చెప్పాల్నా?"

"అంటే నేను దొంగనని రెండు వారాల నుంచీ అనుకుంటున్నావా?"

"ఊ."

"అనుకుని కూడా, నా కోసం ఇంటి నీళ్లు తాగకుండా ఉన్నావా?"

జెస్సీ చెవులు ఎర్రబడ్డాయి. నాకు కోపం తెచ్చుకోవాలో సంతోషపడాలో తెలియక టీ మొత్తం ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో లారీ ఆగింది. జ్ఞానరాజు మామ భుజాన తువ్వాలుతో, చేతిలో బకెట్‌తో నడుచుకుంటూ వచ్చాడు.

"ఏందప్పా, ఇద్దరూ పొద్దున్నే ఈడ కూర్చున్యారు?" అని అడుగుతూనే డ్రమ్ము మూత తీశాడు. బకెట్ ముంచాడు. నిండా ఎత్తుకున్నాడు. మూత పెట్టి, వచ్చిన దారినే పోయాడు.

మేమిద్దరం ఆయన వెనకాలే నడిచాం.

మామ లారీ బంపరు ఎక్కి, అద్దం పైనున్న బోర్డు తుడుస్తున్నాడు. ఎర్ర బోర్డు మీద పసుప్పచ్చ అక్షరాలతో 'జెస్సీ' అని రాసి ఉంది. ఒక్కో అక్షరాన్నీ తడిగుడ్డతో మెల్లగా అద్దుతున్నాడు.

"నాన్నా!" అంది జెస్సీ. "శనివారం శనివారం నీళ్లు తీసేది నువ్వా?"

"నేనే. పోయిన నెల కొత్తగా రాయించినా గదా. ఉప్పునీళ్లు పడితే తెల్ల చారలు వస్తాండాయి. నీ పేరు మీద చారలెందుకు పడాల?"

"మాకెందుకు చెప్పల్యా?"

"నా డ్రమ్ములో నీళ్లు నేను తీసుకుంటే నోటీసు ఇయ్యాల్నా?" అని మామ మా మీదే కోప్పడి, మిగిలిన నీళ్లతో అద్దం కూడా కడిగేశాడు. పది నిమిషాల్లో లారీ మళ్లీ లోడుకు వెళ్లిపోయింది.

రోడ్డు మీద మేమిద్దరమే మిగిలాం.

"సారీ" అంది జెస్సీ, నేల చూస్తూ.

అక్కడితో సరిపెట్టుకోవాల్సింది. కానీ మూడు రోజులుగా మింగిన కోపం ఊరుకోదు కదా. "వీధి ముందర అన్నావు. వీధి ముందరే చెప్పు. బుధవారం, ట్యాంకరు దగ్గర" అన్నాను.

"చెప్పినా గదా ఇప్పుడు!"

"ఇప్పుడు విన్నది నేనొక్కణ్ణే. నేను దొంగను కానని నాకు ముందే తెలుసు."

జెస్సీ గిర్రున తిరిగి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను బట్టలు సర్దుకున్నాను. గురువారం పొద్దున పోవాలి. ఆమె నోరు విప్పకపోతే దొంగగానే పోతాను, ఆమెను మళ్లీ చూసే వంక కూడా ఉండదు. మంగళవారం రాత్రి నిద్ర పట్టలేదు.

బుధవారం ట్యాంకరు వచ్చింది. ఆ రోజు మామ కూడా ఇంట్లోనే ఉన్నాడు. మా వంతు రాగానే ట్యాంకరు గొట్టం పట్టుకుని డ్రమ్ములో పెట్టాడు. జెస్సీ అరుగెక్కి నిలబడింది.

"అందరూ ఇట్ల చూడండి" అంది, క్లాసులో పిల్లలను పిలిచే గొంతుతో. "ప్రసాద్ మా డ్రమ్ములో చెంబుడు నీళ్లు గూడా ముట్టుకోల్యా. తీసింది మా నాన్న. నేనే తప్పు చెప్పినా. సారీ."

"అట్లయితే ఏసీలో నిజంగానే నీళ్లొస్తాయా?" అని రామేశ్వరమ్మ అడిగింది.

నాకు కావాల్సింది దొరికింది. కోప్పడడానికి ఇంకేమీ మిగల్లేదు, రేపు పోవాలి.

"సరేనా?" అంది జెస్సీ.

"సరే."

"అయినా రేపు పోతాండావా?"

"పోతానని చెప్పా కదా."

"సారీ చెప్పినా గూడానా?"

"సారీకీ గదికీ సంబంధం ఏముంది? ఉండమని ఎవరైనా అడిగితే కదా ఉండేది."

జెస్సీ ముఖం జేగురించింది. "అన్నీ నేనే చెప్పాల్నా? సారీ నేనే చెప్పాల. ఉండమని నేనే అడగాల. నువ్వంటే నాకు ఇష్టమని గూడా నేనే చెప్పాల్నా? నీకు నోరు లేదా?"

అది కూడా క్లాసు గొంతుతోనే అంది. అనేశాక తెలిసింది ఏమందో. చేత్తో నోరు మూసుకుంది. అప్పటికే ఆ చివర బిందె పట్టుకున్న ముసలామెకు కూడా వినిపించింది.

"ఉంది" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా అన్నాను. "ఉంది! నువ్వంటే నాకు శానా ఇష్టం జెస్సీ. దొంగన్నా ఇష్టమే. రేపు నేను యాడికీ పోను!"

"నీళ్లు! నీళ్లు!" అని రామేశ్వరమ్మ అరిచింది.

మామ మా ఇద్దరినీ చూస్తూ గొట్టం సంగతే మరిచిపోయాడు. అది చేతిలో అలాగే ఉంది. డ్రమ్ము ఎప్పుడో నిండి, మంచినీళ్లు ఆయన కాళ్ల మీదుగా కాలువ కట్టి వీధిలోకి పోతున్నాయి. వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఆయన మీద పడి తిట్టారు. జీవమ్మత్త పరుగెత్తి గొట్టం లాక్కుని పక్క డ్రమ్ములో వేసింది.

మామ తడిసిన పంచె పిండుకుంటూ నా దగ్గరకు వచ్చాడు.

"మీ నాయన ఫోను నంబరు చెప్పప్పా" అన్నాడు. "రెండు బకెట్ల మంచినీళ్లు నేలపాలు చేయిస్తిరి మీ ఇద్దరూ. ఇంత జరిగినాక పెద్దోళ్లు మాట్లాడుకోకుంటే ఎట్ల?"

నంబరు చెప్పాను. రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి జెస్సీ విసుక్కుంటూ నా చేతిలోంచి ఫోను లాక్కుని, తనే వెతికి వాళ్ల నాన్నకు చదివి వినిపించింది.