కుంకుమ చెదిరిన మూత

"తొక్కు నవీనూ!... తొక్కప్పా!"

జీపు ఎగిరిపడింది. వెల్దుర్తి దాటింది. అప్పుడే చీకటి పడుతోంది.

వేణుగోపాల్ ఒళ్ళో స్టీలు క్యాను. మూత సందులోంచి తెల్లటి పొగ. లోపల గడ్డకట్టే చలిలో స్టెమ్ సెల్స్! హైదరాబాదు నుంచి రైల్లో తెచ్చాడు. కర్నూలు స్టేషన్లో శత్రువులు కాపున్నారని నవీన్ ఫోన్ చేస్తే, అది దాటి డోన్‌లో దిగాడు. కర్నూలు ఆసుపత్రికి చేర్చాలి.

లేకపోతే అన్న రాఘవేంద్రప్రసాద్ దక్కడు!

పత్తికొండ టమాటా మార్కెట్లో ఎవడో కడుపులో పొడిచాడు. గాయం చీము పట్టింది. విషం రక్తంలోకి ఎక్కింది. పొడిచిన నాటి నుంచీ స్పృహ లేదు.

"యాంటీబయాటిక్స్ క్రిముల్ని చంపుతాయి. ఒంట్లో రేగిన మంటను ఆర్పలేవు. ఈ కణాలు కూడా ఇస్తే ఆశ ఉంది. కొత్త వైద్యం, గ్యారంటీ లేదు. మూత మాత్రం తెరవద్దు. పొగ వస్తున్నంతసేపే కణాలు బతికుంటాయి" అన్నాడు డాక్టరు.

వెనక సుమో. హారన్ ఆపడం లేదు!

"పొడిచినోళ్ళే అన్నా" అన్నాడు నవీన్. మండీలో అన్నకు వాటాదారు. "మీ అన్న బతికితే పేరు చెప్తాడని భయం."

"నా ఫోను రైల్లోనే ఆగిపోయింది. నీదియ్యి. పోలీసులకు చేస్తా."

"చార్జింగ్ లేదన్నా!"

వేణుగోపాల్ క్యానును కళ్ళకద్దుకోబోయాడు.

ఆగిపోయాడు.

అంగట్లో గల్లాపెట్టెకు పెట్టినట్టే, రైల్లో దీనికీ బొట్టు పెట్టాడు. సగం మూతకు, సగం క్యానుకు.

ఇప్పుడా రెండు సగాలూ కలవడం లేదు!

డోన్‌లో 'టీ తాగిరా అన్నా' అని పంపింది నవీనే...

స్టీరింగ్ మీద నవీన్ బొటనవేలు. ఎర్రగా!

"మూత తిప్పినావా రా?"

బ్రేక్!

నవీన్ చేతిలో నాటు పిస్తోలు.

"సగమే తిప్పినా. టీ కూడా తాగకుండా ఊడిపడితివి! ఇయ్యి దాన్ని."

"మా అన్న నీకేం చేసినాడప్పా?"

"పొడిచినా చావలేదు. అదీ చేసింది!"

వేణుగోపాల్ క్యానును గుండెకు హత్తుకున్నాడు. చలి చురుక్కుమంది.

వాసవీ తల్లీ! బొట్టు పెట్టించింది ఇది చూపించడానికేనా? చూపించి ఊరుకుంటావా?

ఢాం!

పిస్తోలు కిందపడింది. నవీన్ భుజం పట్టుకుని కూలాడు.

వెనకొచ్చి ఆగిన సుమో పక్కన, చేతిలో రివాల్వర్‌తో ఎస్సై మహానంది. మఫ్టీలో.

"ఏమప్పా, అంతసేపు హారన్ కొడతాంటే ఆగరేం? మీ అన్నకు తెలివొచ్చింది. వీని పేరే చెప్పినాడు. మళ్ళా స్పృహ తప్పినాడు!"

వేణుగోపాల్ వినడం లేదు. మూత దగ్గర ముఖం పెట్టి చూస్తున్నాడు.

సన్నగా పొగ... ఇంకా వస్తోంది!

పరుగున సుమో ఎక్కాడు.

"తొక్కండి సార్... తొక్కండి!"