మ్యాపులో పూడిన గుంత

చెరువులోనే ఈత నేర్చిన సిద్దయ్య, మోకాల్లోతు వాగులో మునిగి చచ్చాడంటే ఎవరు నమ్ముతారు?

ఇబ్రహీంపట్నం చెరువులోకి దిగే వాగులో తెల్లారేసరికి శవం తేలింది. ముందురోజే వల వేసే చోటు కోసం తమ్ముడు హరీశ్‌తో తన్నుకున్నాడు. ఇంకేం, అందరి వేళ్లూ హరీశ్ మీదికే లేచాయి.

ఎస్సై రమాకాంత్ సింధూరను స్టేషన్‌కు పిలిపించాడు. ఆ వాగు చుట్టుపక్కల మట్టి ఎక్కడెక్కడ కోసుకుపోతోందో కంప్యూటర్‌లో మ్యాపు చేసింది ఆమే.

"వాగుకు ఎగువన ఎక్కడైనా లోతుందా మేడమ్?"

"లేదండీ. అంతా చదునే."

"అయితే తమ్ముడే ముంచాడు."

ఎదురుగా కూర్చోబెట్టిన హరీశ్ బావురుమన్నాడు. "కొట్టిన సార్, అవ్. చెరువుల వల ఎయ్యద్దని ఎల్లగొట్టిన. గని సంపలే!"

రమాకాంత్ శవం ఫొటో తీసి చూపించాడు. "గోళ్లలో ఎర్ర మొరం మట్టి. వాగులో ఉన్నది నల్ల ఒండు. ఈ ఎరుపు ఎక్కడిది?"

సింధూరకు తాను చేసిన పని గుర్తొచ్చింది. మ్యాపులో నీరు ఎటు పారుతుందో లెక్కకట్టే ముందు గుంతలన్నీ పూడ్చేయడం ఆ పనిలో అందరికీ అలవాటే. సర్వే పొరపాట్లు కాబోలనుకుంటారు. తనూ ఒక్క నొక్కు నొక్కి పూడ్చింది.

అసలు సర్వే తెరిచింది. వాగు ఎగువన, ఇళ్ల స్థలాల వెంచర్ పక్కన, మూడు నిలువుల లోతు గుంత!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. కానీ ఎదురుగా హరీశ్ బేడీలతో ఉన్నాడు. పాపిష్టిదాన్ని అనుకుంటూ స్క్రీన్ ఎస్సై వైపు తిప్పింది.

మధ్యాహ్నం అందరూ గుంత దగ్గర నిలబడ్డారు. విరిగిన అంచుకు సిద్దయ్య వల చిక్కుకుని ఉంది.

"వెంచర్ రోడ్లకు మొరం తవ్వి వదిలేశారు," అన్నాడు రమాకాంత్. "చెరువులో చోటు లేక సిద్దయ్య నీళ్లు నిండిన ఈ గుంతలో వల వేశాడు. అంచు విరిగి మీదపడింది. రాత్రి వానకు గట్టు తెగి శవం వాగులోకి కొట్టుకుపోయింది. కేసు వెంచర్ వాళ్ల మీద." హరీశ్ బేడీలు విప్పించాడు.

హరీశ్ వెళ్లి సిద్దయ్య భార్య నర్సింహమ్మ కాళ్ల మీద పడ్డాడు. "నేనే ఎల్లగొడితిని వదినా!"

ఆమె అతని తల నిమిరింది. తర్వాత సింధూర వైపు తిరిగింది.

"బిడ్డా, గింత పెద్ద గుంత నీ కంప్యూటర్‌ల కనవడలేదా? కనవడితే సుట్టు కంచెనన్న ఏపిద్దురు గదా?"

"కనపడిందమ్మా," అంది సింధూర, తల ఎత్తలేక. "నేనే పూడ్చేశాను."