కండ్లు తెరిపిచ్చుడు

“మూసిన కండ్లల్ల ముద్దబంతి పూసె ఉయ్యాలో...
తెరిసిన కండ్లల్ల...”

తెరిసిన కండ్లల్ల ఏం పూసిందో నాకు యాదికి లేదు. టేక్మాల్‌ల మా తల్లిగారింటి ముంగట బతుకమ్మ ఆడేటప్పుడు మా పెద్దమ్మ ఎత్తుకునేది ఈ పాట. మొదటి మాటకు పిల్లలం కండ్లు మూసుకొని తిరగాలె, రెండో మాటకు తెరవాలె. నడీడు వచ్చినంక రాత్రి బడిల అక్షరాలు నేర్చుకున్న. మొదలు రాద్దామనుకున్నది ఈ పాటనే. సగంల ఆగింది. ఆ రెండో మాట ఏందని నేను అడగని ముసలామె లేదు.

గిప్పుడు ఎవరన్న చెప్తమన్నా నేను చెవులు మూసుకుంట. ఎందుకో చెప్త.

మాది మెదక్‌ల ఫోటో స్టూడియో. నా పెనిమిటి నర్సింగం పెట్టిండు. ఆయన పోయినంక కొడుకు రఘుపతి నడుపుతుండు. తెలంగాణ కొరకు సకల జనులు సమ్మె చేసిన ఏడు, సీతాఫలాలు వచ్చే కాలంల, రఘుపతి కొత్త కంప్యూటర్ కొందామన్నడు. పాతది పెండ్లిళ్ల ఫోటోలతోని కడుపు నిండి, ఒక్క ఫోటో తెరిచేలోపట చాయ తాగి రావచ్చు.

నేను గూడ ఎంబడి పోయిన. రాందాస్ చౌరస్తా పక్క గల్లీల జయానందం దుకాణం.

“అవ్వను గూడ తోలుకొచ్చినవా అన్నా?” అని నవ్విండు జయానందం.

“ఎడ్లను కొన్నా నోరు తెరిచి పండ్లు చూసినంకనే కొనాలంటది. ఏం జేయాలె?” అన్నడు నా కొడుకు.

“అయితే అవ్వకే చెప్త. ఏం పనికమ్మా ఇది?”

“ఫోటోలకు బిడ్డ. పెండ్లిళ్లయి ఉన్నయ్. మా ఆయన కాలం నాటియి ఒక ట్రంకు పెట్టె నిండ ఉన్నయ్.”

జయానందం కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. “ఇను మరి. ర్యామ్ జర ఎక్కువుండాలె, లేకుంటే ఎంత మంచి డబ్బా కొన్నా నిలవడి చూస్తది. స్క్రీన్ మంచిది తీసుకోండ్రి, రంగు సక్కగ కనపడాలె. ఫోటోలు దాసుకునే హార్డ్ డిస్క్ లోపట పెద్దది ఒకటి. గసొంటిదే బయట పెట్టుకునేది ఇంకొకటి.”

“రెండెందుకే? ఒకటి నిండినంక చూద్దాం” అన్నడు రఘుపతి.

“నిండుడు గాదన్నా. లోపట ఏదున్నదో బయటదాంట్ల గూడ అదే ఉండాలె. డిస్క్ ఏదో ఒకరోజు టక టక అంటది, పోతది. ఒక్క దగ్గరనే ఉన్న ఫోటో ఉన్నట్టు లెక్క గాదు.”

నాకొక అనుమానం వచ్చింది. “బిడ్డా, దీంట్లకెల్లి ఫోటో తీసేస్తే అది ఎటు పోతది?”

“ఎటూ పోదవ్వా. ఆడనే ఉంటది. డబ్బా దాని పేరు ఒక్కటే కొట్టేస్తది. కొత్తది వచ్చి దాని మీద కూసునేదాంక ఆడనే, చీకట్ల, పేరు లేకుంట కూసుంటది.”

రఘుపతి నవ్విండు. నేను ఆ డబ్బా దిక్కే చూసుకుంట నిలబడ్డ. లోపట చిన్నగ ఏదో తిరుగుతున్న చప్పుడు. రెండు డిస్కులతోని కొనుక్కొచ్చినం.

ఇంక ట్రంకు పెట్టె సంగతి. ఎనుకట మా దిక్కు ఊర్లల్ల మనిషి బతికుండంగ ఫోటో దిగేది తక్కువ. పానం పోయినంక యాదికొచ్చేది. అప్పుడు అల్లాదుర్గ్ నుంచో నిజాంపేట నుంచో ఒకరు ఉరికొచ్చి మా ఆయనను తోలుకపోయేది. శవాన్ని కుర్చీల కూసోవెట్టి, నోరు తెరుసుకోకుంట గదవకు గుడ్డ కట్టి, తల వాలకుంట ఎనుక నుంచి ఒకరు పట్టుకుంటే ఆయన ఫోటో కొట్టేది. కని మూసిన కండ్లకు దండ ఎట్ల వేస్తరు? అందుకని ప్రింటు మీద సన్న బ్రష్‌తోని తెరిసిన కండ్లు గీయాలె. కండ్లు తెరిపిచ్చుడు అనేటోళ్లం మేము. ఆ పని నాది. ఆయన చెయ్యి వణుకుతుండె, నాది వణకకపోతుండె. గీసినదాన్ని మళ్ల ఫోటో తీసి, ఒకటి ఇంటోళ్లకు ఇచ్చి ఒకటి మా పెట్టెల దాసేది.

మా దుకాణం మెట్ల మీద సీతాఫలాల గంప పెట్టుకొని కూసునే ఐలవ్వ బిడ్డకు గూడ నేనే తెరిపిచ్చిన. యాదలక్ష్మి ఆ పిల్ల పేరు. జరమొచ్చి పోయింది. బతికుండంగ ఒక్క ఫోటో దిగలేదు. ఫోటో చేతికిచ్చిన్నాడు ఐలవ్వ శానసేపు చూసింది. “ముఖం నా బిడ్డదే వదినె. చూపు దానిది గాదు. దానియి పిల్లి కండ్లు” అన్నది. అని గూడ గుండెలకు అదుముకొని తీసుకపోయింది.

ఆ ఏటి వానలకు ఐలవ్వ ఇంటి గోడ కూలింది. ఫోటో బురద కింద పడి బొమ్మ లేకుంట పోయింది.

“ఇంకొకటి తీసియ్యి వదినె” అని వచ్చి అడిగింది. “రోజు పొద్దుగాల దాని ముఖం చూసి లేసేదాన్ని. నాలుగు దినాలకే మర్శిపోతున్న. ముక్కు యాదికొస్తే నోరు యాదికొస్తలేదు.”

“మా పెట్టెల ఉన్నది ఐలవ్వా. కంప్యూటర్‌లకు ఎక్కంగనే తీసిస్త” అని మాటిచ్చిన.

సమ్మెకు కాలేజీలు బంద్. నా మనుమరాలు ఆశ్రిత రోజు కూసోని పెట్టెలయి స్కాన్ చేస్తుండె. తేమకు ఒకదానికొకటి అంటుకొని వాసనొస్తున్నయని, స్కాన్ అయినదాన్ని అయినట్టు నేను నీళ్ల పొయ్యిల వెడుతున్న. నెగటివ్‌లు ఎప్పుడో బూజు వట్టినయ్.

ఆ కంప్యూటర్‌కొక గుణం. ముఖాలు పట్టుకుంటది. ‘ఎవరు?’ అని అడుగుతది. పేరు రాస్తే, ఆ మనిషి ఫోటోలన్నీ ఏడున్నా ఏరి ఒక్క దగ్గర పెడతది.

“నాయినమ్మా, జర ఇటు రా. నీ పేరు కింద ఎంతమంది ఉన్నరో చూద్దువు.”

పోయి చూసిన. నా పెండ్లి ఫోటో. మనుమరాలి తొట్టెలనాడు దిగింది. ఓటు కార్డుది. వాటి ఎంబడి... కుర్చీల కూసున్న ముసలోళ్లు. మీసాలోళ్లు. బాలింతలు. ఒక చిన్న పోరడు. యాదలక్ష్మి. అందరు గదవలకు గుడ్డ కట్టుకొని నా దిక్కే చూస్తున్నరు.

“వీళ్లందరు నువ్వేనంటుంది ఇది” అని కిసకిస నవ్వింది ఆశ్రిత. “మీసాలు గూడ పెట్టుకున్నవా నాయినమ్మా?”

నేను నవ్వలేకపోయిన. సచ్చిపోయినోళ్లు బతికుండంగ ఎట్ల చూస్తుండిరో నాకేం ఎరుక? ముంగట అద్దం పెట్టుకొని నా కండ్లు చూసి గీసేదాన్ని. కన్ను అంటే అట్లనే ఉంటదనుకున్న. ఇంటోళ్లు కండ్లు తుడుసుకుంట తీసుకపోయేది. ఇన్నేండ్లకు ఒక డబ్బా పట్టుకున్నది. ఎన్ని ఇండ్లల్ల, ఎవరి మొగని ముఖంల, ఎవరి తల్లి ముఖంల నేను దండలేసుకొని కూసున్ననో. ఎంతమంది నాకు దీపం వెట్టి మొక్కుతున్నరో. సిగ్గుతోని నా చెవులు కాలినయ్.

“మీ నాయినకు చెప్పకు బిడ్డ” అన్న.

ఆ పొద్దుమూకి రఘుపతి బయటి డిస్క్‌లకు కాపీ వెడుతుంటే, “శవాలను పెండ్లిళ్ల పక్కన పెడ్తవారా?” అని అడిగిన. ఆలోచించి, వాటిని వదిలేసి తక్కినయి ఎక్కించిండు. ఇంక అవి ఒక్క దగ్గరనే ఉన్నయ్.

మర్నాడు బంద్. రఘుపతి, ఆశ్రిత దీక్షల టెంటు కాడికి పోయిన్రు. నేను దుకాణంల షెటర్ కిందికి గుంజుకొని లోపట కూసున్న. బయట మిట్ట మధ్యాహ్నం. లోపట స్క్రీన్ వెలుగు తప్ప చీకటి.

నా పేరు తెరిచిన. నాయి పక్కకు పెట్టి, తక్కినయన్నీ పట్టి, తీసేయమన్న.

ఐలవ్వ యాదికి రాలేదని అనను. వచ్చింది. ఆ పిల్ల ఫోటో ఒక్కటి ఉంచుదామనుకున్న. ఆ ఒక్కటి ఉన్నా ఈ డబ్బా రేపు నా కొడుక్కు చూపిస్తదనిపించింది. ఐలవ్వకు ఏదన్న చెప్పుకోవచ్చుననుకున్న... ‘ఖాయమేనా?’ అని అడిగింది కంప్యూటర్. ఖాయమే అని నొక్కిన.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగింది. కింద యూపీఎస్ కుయ్... కుయ్... అని మొత్తుకుంటుంది. స్క్రీన్ ఇంక వెలుగుతనే ఉన్నది. దూరం నుంచి ర్యాలీ డప్పులు వినపడుతుండె, అవి గూడ సన్నబడి ఆగిపోయినయ్. నా ముక్కుకు ఒక వాసన తగిలింది. హైపో వాసన. ఫోటోలు కడిగే మందు అది. మా ఆయన పోయినంక డార్క్ రూమ్ తలుపు మేము తెరవలేదు. పుల్లటి ఆ వాసన ఎంబడి ఊదుబత్తి, తడి గుడ్డ, పసుపు...

స్క్రీన్ దిక్కు చూసిన. నా పేరు కింద ఇప్పుడు నేనే మిగిలిన. పెండ్లి ఫోటోల బాసికం కట్టుకొని నిలబడ్డ నేను, కండ్లు మూసుకున్న.

తొట్టెలనాటి దాంట్ల గూడ. కండ్లు మూసుకున్న.

ఓటు కార్డుది దగ్గరికి పోయి చూసిన. కండ్లు మూసుకున్న.

కుయ్... కుయ్... యూపీఎస్ ఆగింది. స్క్రీన్ నల్లగైంది. షెటర్ సందులకెల్లి సన్నగ ఎండ గీత వడుతుంది. ఆ నల్ల అద్దంల నేను కనపడుతున్న. నా ఎనుక... మేము పెండ్లోళ్లను కూసోవెట్టే కుర్చీలల్ల... ఎవరో కూసున్నరు. అన్ని కుర్చీలల్ల. తలలు ఒక పక్కకు వాలినయ్. పట్టుకునేటోళ్లు లేరు.

ఎనుకకు తిరగలేదు నేను. తిరగబుద్ధి గాలే... మెడ సల్లబడ్డది. చెవి పక్కన ఆడపిల్ల ఊపిరి.

“అవ్వ కండ్లవడ్తలేదు...”

టేబుల్ అంచు గట్టిగ పట్టుకున్న.

“అత్తమ్మా... మా అవ్వ నాకు కండ్లవడ్తలేదు...”

ఆ పిల్ల ఎనుక ఇంకెవరో, మెల్లగ, పాట. మా పెద్దమ్మ గొంతు తీరుగనే ఉన్నది. మూసిన కండ్లల్ల ముద్దబంతి... అటెనుక తెరిసిన కండ్లల్ల, అన్నంక వచ్చేది నాకు వినపడ్డది. ఆ మాట విన్న. ఇన్నేండ్లు ఎతికిన మాట. మళ్ల మర్శిపోయిన.

ఎట్ల లేసిన్నో, షెటర్ ఎట్ల ఎత్తిన్నో తెల్వదు. బయట ఎండ. మెట్ల మీద ఐలవ్వ.

“తీసినవా వదినె?” అన్నది.

“డిస్క్ పోయింది ఐలవ్వా. అన్నీ పోయినయ్” అన్న. నా నోటికెల్లి ఎంత తీయగ వచ్చిందో అబద్ధం.

ఆమె గంపల ఉన్న మాగిన సీతాఫలం ఒకటి తీసి నా చేతుల వెట్టింది, నేను బాధపడుతున్ననుకొని. ఆ పండు పట్టుకొని నిలబడ్డ సిగ్గు ఎవరికి రావద్దు.

అది తట్టుకోలేక పొద్దుమూకి నా కొడుకు ముంగట అంత చెప్పిన. అద్దం సంగతి, తీసేసిన సంగతి. వాడు తిట్టలేదు. తిడితే బాగుండు. మర్నాడు జయానందాన్ని తోలుకొచ్చిండు.

“కొత్తయి ఏం ఎక్కించలే గదా? ఆడనే ఉంటయ్ అయితే” అని కూసున్నడు జయానందం. ఏదో సీడీ వేసిండు. శానసేపు గెలికిండు. ఆఖరికి తల గోక్కుంట అన్నడు: “అన్నీ రావాలె. ఒక్కటే వచ్చిందవ్వా. తక్కిన జాగ నున్నగ తుడిసినట్టున్నది. నేను గిట్ల ఎన్నడు చూడలే.”

వచ్చింది యాదలక్ష్మి.

రఘుపతి ప్రింటు తీసిండు. నేను కండ్లద్దాలు పెట్టుకొని చూస్తుంటనే, మెట్ల మీదికెల్లి లోపటికొచ్చి ఐలవ్వ నా చేతులకెల్లి గుంజుకున్నది. గదవకు గుడ్డ అట్లనే ఉన్నది. కుర్చీ అదే. కండ్లు నేను గీసినయి గావు. నల్లరంగు పూసిన నా పెద్ద కండ్లు గావు. లేత రంగుయి, మెరిసేటియి, పిల్లి కండ్లు.

“గివే” అన్నది ఐలవ్వ. “గివే నా బిడ్డ కండ్లు. ఎవరు గీసిన్రు వదినె?”

“నేనే ఐలవ్వా” అన్న. ఎందుకన్ననో. ఆమె ముఖంల సంబురం చూసి అన్న. ఆమె కండ్లల్ల నీళ్లు, ముక్కుపుల్ల, నెరిసిన కనుబొమలు, అన్నీ నాకు సక్కగ కనపడుతుండె. గిది రాస్తుంటే అక్షరాలు గూడ సక్కగనే కనపడుతున్నయ్. ఆనాటి సంది రఘుపతి నా ముఖం దిక్కు చూసి మాట్లాడుతలేడు. ఆశ్రిత ఇంట్ల అద్దాలన్నీ తీసి ఏడనో పెట్టింది.

ఆ దినం ఐలవ్వ ఫోటో కొంగుల చుట్టుకొని మెట్లు దిగబోయి, ఎందుకో తిరిగి నా ముఖంలకు చూసింది. చూసుకుంట చూసుకుంట ఒక మెట్టు ఎనుకకు జరిగింది. అటెనుక ఆమె మా మెట్ల మీద గంప పెట్టలేదు, నాతోని మాట్లాడలేదు. ఆఖరికి అన్న మాట ఇది.

“మరి నువ్వేంది వదినె, ఇందాకటి సంది కండ్లు మూసుకోనే మాట్లాడుతున్నవ్?”