చెయ్యి తిరిగిన చక్రమ్మ

గాజుముక్క బొటనవేలి గోరంత ఉంది. ద్రాక్షపళ్ళ డబ్బాలో, సరిగ్గా నడిమధ్యన దొరికింది. ఉదయం 11:15కి. ఆసుపత్రి వంటగదిలో డబ్బా విప్పిన నర్సుకు.

నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. రోగి నోట్లోకి వెళ్ళి ఉంటే?

11:50కి ఇన్‌స్పెక్టర్ పళ్ళ షెడ్డులో అడుగుపెట్టాడు. ఒక చేతిలో ఆ డబ్బా. జేబులో ఆ గాజుముక్క, సీలు వేసిన ప్లాస్టిక్ కవరులో.

పళ్ళు కడిగి, ఆరబెట్టి, డబ్బాల్లో సర్ది ఆసుపత్రికి పంపే చిన్న షెడ్డు అది. యజమానురాలితో కలిపి నలుగురే మనుషులు.

"ఎవరు చేశారో నేను చెప్పేస్తాను సార్," అంది యజమానురాలు, ఆయన కూర్చోకముందే. "చక్రమ్మ."

"చూశారా?"

"చూడక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికి టీ గ్లాసు పగలగొట్టింది. మిషను పక్కనే. ముక్క ఎగిరి డ్రమ్ములో పడుంటుంది. ఒంటిగంటలోగా తప్పెవరిదో తేల్చకపోతే మా సరుకే వద్దంటున్నారు ఆసుపత్రివాళ్ళు. ఆవిణ్ణి పంపించేస్తే నా షెడ్డు నిలుస్తుంది."

"అంటే నేను కేసు తేల్చక్కర్లేదు. ఆవిణ్ణి ముంచితే చాలు."

యజమానురాలు కుర్చీని ఆయన వైపు జరిపింది.

ఇన్‌స్పెక్టరుకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. అద్దంలో తన మొహం కనిపించినా "ఎవరు నువ్వు, ఎక్కణ్ణుంచి వస్తున్నావు" అని అడిగే రకం. దానికి మందు లేదు. ప్రమోషనూ లేదు.

మూలన ఉంది ఆ మిషను. కరెంటుతో పని లేదు. స్టీలు డ్రమ్ము, లోపల చిల్లుల బుట్ట, పక్కన హ్యాండిలు. నీళ్ళు పోసి, పళ్ళు వేసి, మూత బిగించి తిప్పాలి. బుట్ట తిరుగుతుంది, మట్టి వదులుతుంది, అడుగు గొట్టంలోంచి మురికినీళ్ళు పోతాయి. పన్నెండేళ్ళుగా దాన్ని తిప్పుతోంది కాబట్టే ఆవిడ చక్రమ్మ. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

అరవైకి దగ్గర పడిన మనిషి. హ్యాండిలు మీద చెయ్యి వేసి నిలబడింది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

"గ్లాసు పగలగొట్టావా అమ్మా?"

"నేను కొట్టలేదు బాబూ. అదే జారింది."

"జారింది గ్లాసా, చెయ్యా?"

చక్రమ్మ చూపు తిప్పుకుంది. "గ్లాసే."

"ముక్కలు?"

"ఊడ్చి చెత్తడబ్బాలో వేశా. అప్పుడు మిషను మూత బిగించే ఉంది."

"ద్రాక్షని ఎన్ని చుట్లు తిప్పావు?"

"నలభై. అన్ని తిప్పితేగానీ పురుగుమందు వాసన పోదు."

"ఇన్నేళ్ళు తిప్పి, ఇప్పుడు తిప్పలు తెచ్చుకున్నావు."

"తిప్పడం తిప్పలు కాదు బాబూ. తిప్పొద్దంటేనే తిప్పలు. ఈ పని పోతే ఇంకేం కడుక్కోను, చేతులా?"

తర్వాత యజమానురాలి మరిది. ఫ్యాను కింద తెల్లగుడ్డ మీద పళ్ళు ఆరబెట్టేది అతను. ఎదుటి మనిషి మొహం తప్ప అన్నీ చూస్తున్నాడు.

"జేబులో ఏంటి?"

"కాగితం సార్."

"కాగితమని నాకూ తెలుసు. కాగితంలో ఏంటి?"

పళ్ళు కడిగే కరెంటు మిషను బొమ్మ.

"ఆర్నెల్లుగా వదినకి చెప్తున్నా సార్. స్విచ్చి వేస్తే అదే తిరుగుతుంది. చక్రమ్మత్త అక్కర్లేదు."

"ఆవిడంటే కోపమా?"

"కోపం కాదు సార్. కరెంటంటే ప్రేమ."

"ప్రేమలో షాకులుంటాయి, జాగ్రత్త," అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. అనుమానం నంబర్ టూ.

నాలుగో మనిషి చక్రమ్మ కోడలు. డబ్బాల్లో సర్ది, మూత చుట్టూ టేపు వేసేది ఆమె. ఇన్‌స్పెక్టర్ చూస్తుండగానే టేపు లాగింది, పంటితో పరక్కున తెంపింది, అంటించింది.

"కత్తెర లేదా?"

"వెతికేలోపు రెండు డబ్బాలవుతాయి సార్."

"ఈ డబ్బా ఎన్నింటికి మూశావు?"

"పదీ నలభైకి."

"అత్తగారితో గొడవలున్నాయా?"

"గొడవపడాలంటే ఆవిడ ఇంట్లో ఉండాలిగా సార్. ఆరింటికి ఇక్కడికొస్తే మళ్ళీ ఆరింటికే."

"నోరు మూసుకో అమ్మాయ్," అంది చక్రమ్మ. "ఇంటి సంగతులు సారుకెందుకు?"

"నోరు మూసుకుంటే టేపెలా తెంపను అత్తయ్యా?"

మరిది నవ్వాడు. వదిన చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

12:25. ఇన్‌స్పెక్టర్ చెత్తడబ్బాలోంచి అంతే సైజు గాజుముక్క ఏరాడు. గంపలోంచి ద్రాక్ష తీసి డ్రమ్ములో పోయించాడు. ముక్క అందులో వేశాడు.

"తిప్పమ్మా. నలభై."

చక్రమ్మ తిప్పింది. ఇరవై దాటాక పళ్ళ బిగువున తిప్పింది. ఇన్‌స్పెక్టర్ బుట్టను చూడటం లేదు. ఆవిడ భుజాన్ని చూస్తున్నాడు.

మూత తీశారు. సగం ద్రాక్ష చీలికలు పేలికలు. నీళ్ళు రసమయ్యాయి.

"ఇప్పుడు ఆసుపత్రి డబ్బా చూడండి. ఒక్క పండుకీ గీత లేదు. గ్లాసు పగిలి ఎగిరిన ముక్క కాదిది."

"అయితే కావాలనే వేసింది!" అంది యజమానురాలు.

"ఎవరో కావాలనే వేశారు. అక్కడిదాకా మీరు కరెక్టు."

"నేను కాదు సార్!" అన్నాడు మరిది.

"నిన్నింకా అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ కవరును కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

"ఇందాకట్నుంచి అందరూ గాజు గురించే మాట్లాడారు. దాని అంచుని ఎవరూ చూడలేదు. దగ్గరికి రండి."

గాజు అంచు చుట్టూ పల్చగా ఏదో మెరిసింది. తెల్లటేపు. మూడువైపులా ఒద్దికగా మడిచి అంటించి ఉంది.

"ప్రమాదానికి టేపు వేయడం రాదు. పగకి అంత ఓపికుండదు. ఇది పెట్టిన మనిషికి గాజు ఎవరికైనా దొరకాలి. కానీ ఎవరికీ గుచ్చుకోకూడదు."

"టేపు వేసే డ్రమ్ములో పడేసి ఉండొచ్చుగా?" అన్నాడు మరిది.

"నీళ్ళలో నలభై చుట్లు నలిగిన టేపు ఇలా ఉండదు, చుట్ట చుట్టుకుపోతుంది. ఇది కడిగాక పెట్టింది. ఇంక టేపు కొస చూడండి. కత్తెర కోత కాదు. పంటిగాట్లు."

మరిది వంగి కవరులోకి చూశాడు.

"పళ్ళ కేసు పళ్ళతోనే తేలింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

కోడలి చేతిలోంచి టేపుచుట్ట జారి దొర్లుకుంటూ వెళ్ళింది.

"ఎందుకు?"

"ఆవిడ భుజం పోయింది సార్. రెండు నెలలుగా చెయ్యి తలదాకా లేవడం లేదు. జడ కూడా నేనే వేస్తున్నా. మానెయ్ అత్తయ్యా అంటే వినదు. చెత్తడబ్బాలో గాజుముక్కలు చూశాక, ఒక్కసారి సరుకు వెనక్కొస్తే ముసలిదానివైపోయావు ఇంటికెళ్ళమని మేడమ్ అంటారనుకున్నా. పోలీసులొస్తారనుకోలేదు."

"వచ్చాం. గంట నుంచీ మీ అత్త నా ముందు దోషిలా నిలబడింది. ఎందుకూరుకున్నావు?"

"భయమేసింది సార్."

"ఆ నర్సు చూడకపోయుంటే?"

కోడలు తల వంచుకుంది.

12:55కి ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవతలినుంచి షరతు వచ్చింది. ఆ కోడలు ఇక పళ్ళ మీద చెయ్యి వేయకూడదు. ఈరోజు సరుకంతా మళ్ళీ కడిగి పంపాలి.

"నువ్వు రేపట్నుంచి రావద్దు," అంది యజమానురాలు కోడలితో. తర్వాత చక్రమ్మ వైపు తిరిగింది కానీ, మొహం చూడలేకపోయింది. "చక్రమ్మా... నువ్వు..."

"నేను?"

"ఎప్పటిలాగే ఆరింటికి రా."

చక్రమ్మ తలూపింది. కోడలి దగ్గరికి వెళ్ళింది.

"జడ వేస్తూ వేస్తూ ఇదా నువ్వు ఆలోచించింది?"

కోడలు భోరుమంది.

"ఏడిస్తే తప్పు కరగదు. సారు వెంట వెళ్ళు. అడిగినవన్నీ చెప్పు. ఒక్కటీ దాచకు."

"భుజం సంగతి నువ్వెందుకు దాచావమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెబితే పని ఉంటుందా బాబూ?"

యజమానురాలు నేల చూపులు చూసింది. మరిది కాగితాన్ని మెల్లగా మడిచి లోపల పెట్టుకున్నాడు.

చక్రమ్మ డ్రమ్ములో కొత్త నీళ్ళు పోసింది. ద్రాక్ష వేసింది. మూత బిగించింది. ఎప్పుడూ నిలబడే చోట నిలబడకుండా, మిషను చుట్టూ తిరిగి అవతలివైపుకి వెళ్ళింది.

"వద్దత్తయ్యా," అంది కోడలు గుమ్మంలోంచి.

"కుడిది పన్నెండేళ్ళు తిప్పిందే," అంది చక్రమ్మ, హ్యాండిలు మీద ఎడమచెయ్యి వేస్తూ. "ఇది ఇంకా కొత్తది."