స్టాఫ్ టికెట్ పెళ్ళికొడుకు

పొగమంచు ఎంత అందంగా ఉంటుందో అని మురిసిపోయేవాళ్ళను ఒక్కసారి శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ వెనక నిలబెట్టాలి. ఆ డిసెంబర్ పొద్దున అనుపమ అక్కడే నిలబడి ఉంది. అద్దాల అవతల రన్‌వే లేదు, విమానాలు లేవు, అంతా తెలుపే. అద్దాల ఇవతల గోరింక ఎయిర్ వాళ్ళ కంప్యూటర్లన్నీ తెల్లారకముందే పడుకున్నాయి. సర్వర్ పోయిందట. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదు.

గోరింక ఎయిర్ పెద్ద కంపెనీ ఏమీ కాదు. రెక్కలకు పంకాలు తిరిగే చిన్న విమానాలు రెండు. కౌంటర్లో కూర్చున్న పిల్లే కాసేపటికి గేటు దగ్గరా, ఆ తర్వాత విమానం మెట్ల దగ్గరా కనిపిస్తుంది. కంప్యూటర్ పోతే ఇక అంతా చేతిపనే. సీటు నంబర్లు అచ్చేసిన స్టిక్కర్ల షీటు ఒకటి ఉంటుంది. ఒక్కో స్టిక్కరూ గోటితో ఊడదీసి, చేత్తో రాసిన బోర్డింగ్ పాసు మీద అతికించాలి. అనుపమ గోళ్ళు పొద్దుట్నుంచీ అదే పని చేస్తున్నాయి.

"ఇంకెంతసేపమ్మా?" అంటోంది క్యూ.

"జర ఓపిక పట్టండి సార్," అంటోంది అనుపమ. ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

క్యూకి పక్కగా, ఎవరి దారికీ అడ్డం రాకుండా, కొత్త చొక్కా వేసుకుని రవితేజ నిలబడ్డాడు. అతనూ ఇదే కంపెనీ. లోపల లోడ్‌షీట్ డెస్కులో కూర్చుని విమానం బరువు లెక్క చూస్తాడు. ఏడాది కిందట చేరిన మొదటిరోజే వాకీటాకీలో "మీ కౌంటర్ వాళ్ళకి లెక్కలు రావా?" అని అడిగాడు. "మీ డెస్కోళ్ళకు మర్యాద రాదా?" అని ఈమె అడిగింది. అప్పట్నుంచి రోజూ తగాదానే. తగాదా లేని రోజు ఇద్దరికీ అన్నం సహించేది కాదు. ఆ సంగతి మాత్రం ఒక్కరన్నా నోరు తెరిచి చెప్పిన పాపాన పోలేదు.

ఇవాళ మధ్యాహ్నం రాజమండ్రిలో రవితేజకు తాంబూలాలు. అమ్మానాన్నలు నిన్ననే రైల్లో వెళ్ళిపోయారు. అతను వెళ్ళాల్సింది ఈ విమానంలో. పెళ్ళయ్యాక ఈ ఉద్యోగం మానేసి, అక్కడే మామగారి టైల్స్ షాపు చూసుకుంటాడు. పోయిన వారం క్యాంటీన్లో ఈ మాట చెప్పి అనుపమ ముఖంలోకి చూశాడు. "మంచిగైంది," అందామె. సాతంరాయిలో ఇంటికి పోయి, నీళ్ళ మోటారు వేసి, ఆ చప్పుడులో ఏడ్చింది.

స్టాఫ్ టికెట్‌కి ఒక పద్ధతి ఉంది. టికెట్ కొన్నవాళ్ళందరికీ సీట్లు ఇచ్చాక, మిగిలితేనే స్టాఫుకు. బరువు ఎక్కువైతే ముందుగా దించేదీ స్టాఫునే. అందుకే రవితేజ అలా పక్కన నిలబడ్డాడు.

క్యూ అయిపోయింది. షీటు మీద ఒకే ఒక్క స్టిక్కర్ మిగిలింది.

"ఉందా?" అన్నాడు రవితేజ.

లేదంటే అయిపోయేది. కంప్యూటర్ లేదు, చూసేవాడు లేడు. ఆ షీటు చెత్తబుట్టలో పడేస్తే ఎవరికి తెలుస్తుంది? అనుపమకు నిజంగానే ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఉంది. చివరి వరుస."

"కిటికీ పక్కనేనా?"

"పెండ్లికొడుకువని పల్లకి తెప్పియ్యాల్నా ఏంది? ఇచ్చిన కాడ కూసో."

"ఇవాళైనా పోట్లాడకుండా పంపించవా?"

"పెండ్లైనంక పోట్లాడదామన్నా నువ్వు ఈడ ఉండవు గద."

సరదాగానే అందామనుకుంది. గొంతు సరదాగా రాలేదు. రవితేజ పాసు తీసుకుని వెళ్ళిపోయాడు. దేవుడా, ఈ మనిషి ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే ఏం పోయింది అనుకుంది అనుపమ. అతను చూడలేదు.

మంచు కొంచెం పలచబడింది. బస్సుల్లో అందరినీ విమానం దాకా చేర్చారు. అనుపమ మెట్ల కింద తలలు లెక్కపెట్టి ఊపిరి పీల్చుకునేలోపే, షిఫ్ట్ ఇన్‌చార్జి రవీందర్ వాకీటాకీలో పలికాడు.

"అనుపమా, రాజమండ్రిల ఇంకా మంచే ఉన్నదంట. అక్కడ దిగరాకుంటే మళ్ళ ఇటే రావాలె గద, కెప్టెన్ ఫ్యూయల్ ఎక్కువ పోయించిండు. బరువు దాటింది. ఒక్కర్ని దించాలె. స్టాఫున్నడు గద, రవితేజను దించు."

అనుపమ మెట్ల కిందే ఆగిపోయింది. అడగని వరం వచ్చి చేతిలో పడింది. పట్టుకోడానికి చెయ్యి రాలేదు. అక్కడ ఒక అమ్మాయి ముస్తాబై కూర్చుని ఉంటుంది. అతని తల్లి పళ్ళాలు సర్దుకుని వాకిట్లోకి చూస్తుంటుంది. అతను ఇష్టపడే పోతున్నాడు కదా, ఆపడానికి నేనెవరిని అనుకుంది. ఖర్మంతా అలా అనుకోవడంలోనే ఉంది.

"జర ఆగన్నా. ఎవరన్నా దిగుతరేమో అడిగి చూస్త."

"పిచ్చిలేసిందా ఏంది? టికెట్ కొన్నోళ్ళను దిగమంటవా?"

ఆమె వాకీటాకీ నోరు నొక్కేసి లోపలికి వెళ్ళింది.

"ఎవరన్నా ఒక్కరు సాయంత్రం ఫ్లైటుకు పోతరా సార్? భోజనం, హోటల్ అంతా కంపెనీదే."

"పొద్దుట్నుంచి మంచు అన్నారు, తర్వాత కంప్యూటర్ అన్నారు. ఇప్పుడు మమ్మల్నే దిగమంటున్నారా?" అన్నాడొకాయన. ఎవరో నవ్వారు. ఒక పెద్దామె మాత్రం భయపడి అనుపమ చెయ్యి పట్టుకుంది. "నన్ను దించకు బిడ్డా. దవాఖానల నా కూతురు కాన్పుకున్నది."

వరుస తర్వాత వరుస, చేతులు జోడించుకుంటూ పోయింది అనుపమ. ఒక్కరూ లేవలేదు. చివరి వరుసలో రవితేజ లేచి నిలబడ్డాడు.

"రూల్ ప్రకారం దిగాల్సింది నేను కదా."

"నువ్వు కూసో."

"వాళ్ళందర్నీ ఎందుకు బతిమాలుతున్నావు?"

"ఇయ్యాల నీకు తాంబూలాలు. నువ్వు పోవాలె."

"నన్ను పంపించెయ్యాలని అంత ఉందా నీకు?"

అనుపమకు ఒళ్ళు మండింది. ఏడాది మంట అది.

"నువ్వు పోకుంటే నాకెంత సంబురమో తల్చుకుంటే నాకే భయమైతుంది. గందుకే వీళ్ళ కాళ్ళు పట్టుకుంటున్న. నాకోసం నిన్ను ఆపిన్నని రేపు నువ్వు అనొద్దని."

మెల్లగానే అంది. ఇంజన్లు ఇంకా మొదలవలేదు కాబట్టి చుట్టుపక్కల వరుసలన్నీ విన్నాయి.

రవితేజ ముఖం పాలిపోయింది. "ఈ మాట ఆ రోజు క్యాంటీన్లో అనుంటే ఇంతదాకా వచ్చేదా?"

"నువ్వు అనొచ్చు గద."

"అవును," అన్నాడతను. "నాకూ నోరుంది."

పైనుంచి సంచీ తీసుకున్నాడు. "బాబూ, తొందరగా తేల్చండి, విమానం కదలాలి," అని ఎవరో విసుక్కున్నారు.

విమానం మంచులోకి వెళ్ళిపోయింది. ఖాళీ బస్సులో ఇద్దరే ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరికీ సంతోషం అనే మాట కూడా గుర్తు రాలేదు.

"బరువెక్కువైందని దించేసిన్రని చెప్పు," అంది అనుపమ. "అబద్ధం గూడ కాదు."

"అలా చెబితే సాయంత్రం ఫ్లైటుకి రమ్మంటారు."

ఫోన్ చేశాడు. అవతల తండ్రి బ్రహ్మానందం ఎత్తాడు.

"నాన్నా, నేను రావడం లేదు. ఇవాళే కాదు, రేపు కూడా. ఇక్కడ నాకు ఇష్టమైన అమ్మాయి ఉంది. ముందే చెప్పకపోవడం నా తప్పు."

ఫోన్లో, పక్కనే ఉండి విన్న తల్లి ఏడుపు, దూరంగా ఎవరివో నవ్వులు. ఆ నవ్వేవాళ్ళకు ఇంకా తెలియదు.

"వాళ్ళింట్లోనే ఉన్నాంరా," అన్నాడు బ్రహ్మానందం. "ఆ పిల్ల తండ్రి పక్క గదిలోనే కూర్చుని ఉన్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

"వాళ్ళింట్లోనే ఉన్నారట," అని రవితేజ ఫోన్ దించాడు. అనుపమ ఫోన్ లాక్కుంది.

"అంకుల్, నేను అనుపమను. తప్పుల సగం నాది. ఫోన్ వాళ్ళకియ్యండి, నేను చెప్త. నన్నే తిట్టమనండి."

"వాళ్ళకు చెప్పుకోవాల్సింది నేనమ్మా. వాణ్ణి కన్నవాణ్ణి కదా." ఆయన గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది. "ఎవరి పిల్లవు నువ్వు?"

"సాతంరాయి ఈశ్వరయ్య బిడ్డను."

"ఇవాళ నాతో ఇంకేం మాట్లాడకండి, ఇద్దరూ. ఇక్కడ ఈ తలవంపులు అయ్యాక ఆదివారం తిరిగొస్తాం. మీ నాన్నగారిని ఇంటి దగ్గర ఉండమను."

ఫోన్ కట్టయింది.

"ఏమన్నారు?" అన్నాడు రవితేజ. అడగడానికే భయపడుతున్నాడు.

"ఆదివారం మా బాపును ఇంటికాడ ఉండమన్నడు," అంది అనుపమ, కళ్ళు తుడుచుకుంటూ. ఎంత తుడిచినా నీళ్ళు ఆగడం లేదు.