బొట్టు లేని పెట్టె

"పదకొండింటికి కంపెనీ రెండుగా చీలుతుంది. కేబుళ్లన్నీ కొత్త కంపెనీ చేతికి వెళ్తాయి. ఆ క్షణం నుంచి తీరం మీద నేవీ మాట్లాడే ప్రతి కాల్ శత్రువు వింటాడు. రాజాం ఎక్స్‌ఛేంజ్‌లో వాడి దొంగ పెట్టె ఒకటి ఉంది, లైన్లు మారగానే పని మొదలెడుతుంది. పీకెయ్."

ఇయర్‌పీస్‌లో చీఫ్ జగన్నాధం గొంతు ఆగింది. టైం పది యాభై.

ఏజెంట్ ధనరాజ్ జీపు దిగాడు. మూడు నెలలుగా తూర్పుతీర టెలికాంలో అతని వేషం రీస్ట్రక్చరింగ్ కన్సల్టెంట్. వేషం అబద్ధమే కానీ, అతను రాసిన లిస్టు అబద్ధం కాదు. నూట పన్నెండు మందికి నిజంగానే ఉద్యోగాలు పోయాయి.

మెట్ల మీద లక్ష్మణమ్మ కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లు ఇక్కడ అటెండర్. పది రోజుల క్రితం తీసేశారు. ఇవాళ ఐడీ కార్డు అప్పగించడానికి వచ్చింది. లిస్టులో చివరి పేరు ఆమెదే. ధనరాజ్ తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నలభై పెట్టెలు. అతని కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. దొంగ పెట్టెను పట్టిచ్చే డిటెక్టర్ పెన్ను తీశాడు. నలభై పెట్టెల దగ్గరా ఎర్రలైటే వెలిగింది. పది యాభై ఆరు.

"ఏటి బాబూ ఎతుకుతన్నావు?" గుమ్మంలో లక్ష్మణమ్మ.

ఇక దాచి లాభం లేదు. "వీటిలో ఒకటి దొంగ పెట్టె. ఏదో తెలీడం లేదమ్మా."

ఆమె వరస వెంట నడిచి, మూలనున్న పెట్టె ముందు ఆగింది. "ఇదే. దీనికి బొట్టు నేదు సూడు. కొత్త పెట్టి వస్తే పసుపూ కుంకమా ఎట్టకుండా సిచ్చి ఎయ్యనిస్తానేటి? నన్ను పంపేసినాకే దీన్ని ఎట్టీసినారు." ధనరాజ్ దాని కేబుల్ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్, ధనరాజ్."

గుమ్మంలో ఝాన్సీ. సొంత డిపార్ట్‌మెంట్ ఏజెంట్, మూడు నెలలుగా అతని పార్ట్‌నర్. చేతిలో పిస్టల్. "లిస్టులో ఆవిడ పేరు చేర్చమన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?"

అర్థమైంది. ఆ రోజు ఝాన్సీ నవ్వుతూ చెప్పింది, అతను ఎందుకని కూడా అడగకుండా సంతకం పెట్టాడు.

లక్ష్మణమ్మ చెయ్యి గోడ మీది లైట్ల స్విచ్చు మీదకు పోయింది. లైట్లారిపోయాయి. ఝాన్సీ పేల్చిన గుండు సీలింగుకు తగిలింది. ధనరాజ్ ఝాన్సీ మణికట్టు విరిచి, రెండో చేత్తో కేబుల్ లాగాడు. పదకొండుకు రెండు సెకన్లు తక్కువ.

పోలీసులు ఝాన్సీని తీసుకెళ్లాక చీఫ్‌కి ఫోన్ చేశాడు. "లక్ష్మణమ్మ ఉద్యోగం తిరిగి ఇప్పించండి సార్."

"కుదరదు. ఆ లిస్టు వెనక మన డిపార్ట్‌మెంట్ ఉందని కంపెనీకి తెలియకూడదు."

లక్ష్మణమ్మ ఐడీ కార్డు అతని చేతిలో పెట్టింది. "లిస్టు రాసిన బాబువి నువ్వేనట గదా. నీకే ఇచ్చెస్తన్నాను."

అతను కార్డు జేబులో పెట్టుకుని జీపు ఎక్కాడు.

సాయంత్రం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. అటెండర్ లేకపోయినా రాజాం ఎక్స్‌ఛేంజ్ నిక్షేపంగా నడుస్తోందట, కన్సల్టెంటుగారికి అభినందనలట.